వదిలేసిన స్వరాలు

మా అక్క లోర్నా గార్నెట్‌కి ఆ ఏడాది ఉత్తమ ఆల్బమ్ బహుమతి వచ్చిందని ఫోను వచ్చినప్పుడు, ఆమె వంటింట్లో కరిగించిన మైనం గిన్నెలో చేతులు ముంచి కూర్చుని ఉంది. కీళ్ళవాతానికి వేడి మైనం మంచిదని డాక్టరు చెప్పాడు. నేనే ఫోను తీసి ఆమె చెవి దగ్గర పెట్టాను. అవతలివాళ్ళు చెప్పిందంతా విని, "చాలా సంతోషమండీ," అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"మాంచెస్టర్ వెళ్ళాలట. నాకు మంచి బూట్లేమైనా ఉన్నాయా బెరిల్?"

మాది ఇంగ్లండు పడమటి తీరాన ఫ్లీట్‌వుడ్ రేవు. చేపల పడవలు నడిచినన్నాళ్ళూ మా నాన్న వాటి మీదే ఉన్నాడు. అక్క చిన్నప్పటినుంచీ తన పాటలు తనే రాసుకుని, తనే కట్టుకుని, గిటారు మీద పాడేది. పెళ్ళయిన కొన్నాళ్ళకే నా మొగుడు వెళ్ళిపోతే నేను ఆమెతో తిరగడం మొదలుపెట్టాను. కారు నడపడం నా పని. హాలు వెనక బల్ల వేసుకుని రికార్డులు అమ్మడమూ నా పనే. అమ్మకాలు ఎప్పుడూ అంతంతమాత్రమే. పత్రికలవాళ్ళు మాత్రం ఆమెను నెత్తిన పెట్టుకునేవారు. "నా గురించి రాసినవాళ్ళు తలా ఒక టికెట్టు కొన్నా హాలు నిండేదే," అని అక్క నవ్వేది.

ఆమె పేరు నిలిచింది గిటారు వల్ల. నాన్న మీద రాసిన 'పడవ తిరిగిన పూట' అనే పాటలో, మధ్యలో మాటలు ఆగిపోయి గిటారు ఒక్కటే పరిగెత్తేది. వల లాగే చక్రం గడగడా తిరుగుతున్నట్టు ఉండేది ఆ చోట. ఎడమచేతి వేళ్ళు తీగల మీద ఎక్కడ వాలుతున్నాయో కంటికి ఆనేది కాదు. నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు గానీ, ఆ చోటు వచ్చేసరికి చేతిలో పని ఆపేసేదాన్ని.

అది నచ్చనివాడు ఒకడే ఉండేవాడు. జూలియన్ ప్రౌడ్‌ఫుట్ అనే విమర్శకుడు. లండన్ పత్రికకు రాసేవాడు. "ఈమె వేళ్ళు పాటకంటే ముందు పరిగెడుతున్నాయి," అని రాశాడు ఒకసారి. అక్క ఆ కాగితాన్ని పొయ్యిలో వేసింది. కానీ ఆ మాట ఆమె మనసులోంచి చాలాకాలం పోలేదు.

తర్వాత వేళ్ళు బిగుసుకోవడం మొదలైంది. మొదట ఉంగరపు వేలు. పిమ్మట మిగతావి. కొత్త ఆల్బమ్ రికార్డు చేసేనాటికి సగం స్వరాలు ఆమెకు అందడం మానేశాయి. రికార్డు చేసే క్లైవ్ మాకు పాత స్నేహితుడు. నెమ్మదిగా అడిగాడు: "గిటారుకి ఇంకొకర్ని పిలుద్దామా లోర్నా?"

"నా పాటకి ఎవరివో వేళ్ళా? వద్దు. వచ్చినంతే వాయిస్తా."

'పడవ తిరిగిన పూట'ను కూడా అందులో మళ్ళీ పాడి, వచ్చినంతే వాయించింది. ఒక తీగ మోగేది. తర్వాత ఖాళీ. మళ్ళీ రెండు స్వరాలు. చక్రం తిరగాల్సిన చోట ఊరికే గాలి వినిపించేది. ఆమె ఊపిరి కూడా రికార్డయింది. వేలు అందక ఆగిన ఊపిరి అది.

ఆల్బమ్ బయటికి వచ్చాక పత్రికలు ఒకదాన్ని మించి ఒకటి పొగిడాయి. అన్నిటికంటే ఎక్కువ పొగిడినవాడు ప్రౌడ్‌ఫుట్. అక్క పొద్దున్నే రొట్టె కాల్చుకుంటూ ఆ సమీక్ష చదివింది.

"స్వరాలు వదిలెయ్యడం నేర్చుకున్నానట. మౌనాన్ని ఇంత నిబ్బరంగా వాడిన కళాకారిణి మన దేశంలో లేదట."

"మంచి మాటేగా అక్కా."

"నేను ఎక్కడ వదిలానే? అవే నన్ను వదిలి పోయాయి." రొట్టె మాడిపోయింది. ఆ మాడిన రొట్టే తినేసింది.

మాంచెస్టర్‌లో బహుమతి అందించింది ప్రౌడ్‌ఫుటే. జుట్టు పూర్తిగా నెరిసి, కొంచెం వంగిపోయి ఉన్నాడు. నల్లటి పలకరాయి మీద ఏదో పక్షిని చెక్కిన బహుమతి అది, బరువుగా ఉంది. అక్క రెండు చేతులతోనూ పట్టుకోలేక నాకు ఇచ్చేసింది. క్లైవ్ పేరూ నా పేరూ చెప్పి, దండం పెట్టినంత పని చేసి కూర్చుంది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. తర్వాత భోజనాల బల్ల దగ్గర ఆమే ఆయన దగ్గరికి వెళ్ళింది.

"జూలియన్ గారూ, ఒక మాట. ఆ ఖాళీలు నేను కావాలని పెట్టినవి కావు. నా వేళ్ళు వంగడం లేదు, అంతే."

ఆయన ఆమె చెయ్యి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు.

"అయినా రికార్డులో ఉన్నది ఉన్నదే కదమ్మా. నా చెవికి వినపడిందాన్నే మెచ్చుకున్నాను."

"మరి ముందు వినపడిందో?"

"అప్పట్లో నాకు ఓపిక తక్కువ," అని సిగ్గుపడ్డట్టు నవ్వాడు. తర్వాత, "ఈ సంగతి రాయొచ్చా?" అన్నాడు.

"రాసుకోండి. దాచేదేముంది?"

రాశాడు. చాలా బాగా రాశాడు. నొప్పిని కళగా మలుచుకున్న మనిషి అన్నాడు. ఆ వారం నుంచి మా ఇంట్లో ఫోను ఆగలేదు. రేడియోవాళ్ళు పిలిచారు. కీళ్ళ జబ్బులవాళ్ళ సంఘం తమ గోడపత్రిక మీద ఆమె బొమ్మ వేస్తామంది. ఒక పత్రికవాళ్ళు ఫొటోల కోసం ఇంటికే వచ్చి, ఆమె మొహాన్ని వదిలేసి చేతులే ఫొటో తీసుకున్నారు.

"ఇంకొంచెం వంకరగా పెట్టగలరా మేడమ్?" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"ఇంతకంటే వంకర కావాలంటే వచ్చే ఏడాది రా నాయనా," అంది అక్క.

వాళ్ళు వెళ్ళిపోయాక టీ కప్పు పట్టుకోలేక బల్ల మీదే వంగి తాగింది. అదే రోజు ఉత్తరం వచ్చింది. కష్టాలకు లొంగని కళాకారులకు ఇచ్చే ధైర్య పురస్కారం ఆమెకే ఇస్తున్నారట. తర్వాతి వారం శుక్రవారం లీడ్స్‌లో సభ.

"పాటలకి ఇవ్వాల్సినవాళ్ళు ఇచ్చేశారు. ఇప్పుడు రోగానికి ఇస్తున్నారు," అంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం కెండల్ అనే ఊళ్ళో అక్క కచేరీ. మాకు బాగా అలవాటైన చిన్న హాలే. ఎప్పుడూ సగం కుర్చీలు ఖాళీగా ఉండేవి. ఈసారి గోడల వెంబడి కూడా నిలబడ్డారు. 'పడవ తిరిగిన పూట'లో ఆ ఖాళీ వచ్చినప్పుడు ఎవరూ దగ్గనైనా దగ్గలేదు. ప్రార్థనలో ఉన్నట్టు తలలు వంచుకున్నారు. అక్క మొహం చూశాను. బస్సు కోసం నిలబడ్డ మనిషిలా ఉంది.

అయిపోయాక నా బల్ల ముందు వరస కట్టారు. అక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కలం ఇరికించుకుని సంతకాలు పెడుతోంది. వరసలో తడిసిన వానకోటు వేసుకున్న ఒక పెద్దావిడ వంతు వచ్చింది. ఆమె చేతిలో రికార్డేమీ లేదు.

"ఏమ్మా, మధ్యలో ఆ గిటారు ఏది? గడగడలాడుతూ పోయేదే, అది. ఎందుకు తీసేశావు?"

వెనకున్న ఆయన కల్పించుకున్నాడు. "ఇప్పుడు అలా వాయించరండీ. ఆ నిశ్శబ్దంలోనే ఉంది అసలు—"

"నిన్నడగలేదయ్యా. ఆవిణ్ణి అడిగాను."

అక్క కలం కింద పెట్టింది. "వాయించలేనండీ. వేళ్ళు పోయాయి."

"పేపర్లో ఏదో వేశారని మా కోడలంది. నేను చదవలేదు. ఇంక రాదా మరి?"

"రాదు."

ఆవిడ మొహం వాడిపోయింది. "అయ్యో! దానికోసమే లాంకాస్టర్ నుంచి వచ్చాను. మా ఆయన కారులో అదొక్కటే వెనక్కి తిప్పి తిప్పి పెట్టేవాడు. నాకు విసుగొచ్చేది. ఎంత బాగుండేదో!" చేతిసంచీ భుజానికి ఎక్కించుకుంది. "ఇప్పుడు పాడింది నాకేం ఎక్కలేదు. ఏమీ అనుకోకు."

 

అక్క లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మం బయటికి తీసుకువెళ్ళింది. మిగిలిన వరస నాకేసి చూసింది. నేను గాజు తలుపులోంచి వాళ్ళనే చూస్తున్నాను. చూరు కింద నిలబడి అక్క ఏదో చెబుతోంది. ఎడమచెయ్యి గాల్లో పైకీ కిందికీ కదులుతోంది, వేళ్ళు వంగకుండానే. ఆవిడ మధ్యమధ్యలో తల ఊపుతోంది. ఒకసారి ఇద్దరూ నవ్వారు. చాలాసేపటికి ఆవిడ కోటు బొత్తాలు పెట్టుకుని వానలోకి వెళ్ళిపోయింది.

కారులో అక్క ఏడ్చింది. నేను పక్కకి తీసి ఆపాను.

"ఏమందక్కా ఆవిడ?"

"ఏమీ అన్లేదు. పోయిందే అని బాధపడింది. అందరూ వచ్చి అభినందించేవాళ్ళే గానీ బెరిల్, పోయిందే పాపం అని ఇన్నాళ్ళలో ఒక్కరూ అనలేదు." ముక్కు తుడుచుకుంది. "నువ్వూ అనలేదు."

నిజమే. అద్దం మీద వాన తుడిచే పుల్లలు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"లీడ్స్‌కి నేను రానని చెప్పెయ్," అంది చివరికి.

"కారణం అడుగుతారేమో."

"అలిసిపోయిందని చెప్పు."

సీటు వెనక్కి వాల్చుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇంటిదాకా లేవలేదు.

మర్నాడు లీడ్స్‌వాళ్ళకి ఫోను చేసి చెప్పాను. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా విన్నది. అర్థం చేసుకోగలమంది. ఇంత అలసటలోనూ కబురు చేసినందుకు లోర్నా గారి ధైర్యం మెచ్చుకోదగ్గదని, పురస్కారం పోస్టులో పంపిస్తామని చెప్పింది.