ఎముక ఒప్పుకున్నంత

కాలు పోయాక రూనెకు మిగిలిన కాలక్షేపం ఒకటే, జోకులు వేయడం. మోటార్‌సైకిల్ ప్రమాదంలో తొడ సగం దాకా తీసేసిన రోజున కూడా, "ఇక ఒక జత మేజోళ్ళు కొంటే రెండు జతల పెట్టు" అని గోతెన్‌బర్గ్ ఆసుపత్రిలో నర్సుల్ని నవ్వించాడట.

ఆ తర్వాత కొన్నేళ్ళు తొడకు డొప్పలా తొడుక్కునే కాలుతో తిరిగాడు. చెమట పట్టేది, చర్మం ఒరిసేది, పడవెక్కితే జారేది. అది కాలు కాదు, కాలయముడని దానికి బిరుదిచ్చాడు. చివరికి డాక్టర్లు తొడ ఎముకలోకే టైటానియం మేకు దింపారు. దాని కొస చర్మం దాటి బయటికొచ్చింది. కొత్త కాలు నేరుగా దానికే బిగిస్తారు. కానీ ముందు ఎముక ఆ మేకును తనలో కలుపుకోవాలి. కొత్త కోడలు ఇంట్లో కలవడానికి పట్టినంత టైమూ పడుతుంది. అందుకని రోజూ ఒక పొట్టి కాలు తగిలించుకుని, బరువు తూచే యంత్రం మీద మోపి, ఫిజియో ఇల్వా చెప్పినన్ని కిలోలే వేయాలి. నొప్పి సున్నా నుంచి పదిలో ఎంతో చెప్పాలి. ఐదు దాటితే ఆపాలి.

రూనెకు ఆగే ఓపిక లేదు. సెప్టెంబరు చివర్లో లాబ్‌స్టర్ వేట మొదలయ్యే సోమవారం వస్తోంది. ఆ పొద్దున పడమటి తీరంలో ఇంట్లో ఉండేవాళ్ళు పసిపిల్లలూ పిల్లులే. బావమరిది లెన్నార్ట్ పడవలోంచి ఈసారి లాబ్‌స్టర్లు పట్టే బుట్ట నీళ్ళలోకి తనే దించాలి. అందుకని ఇంట్లో ఇల్వా చెప్పినదానికి రెట్టింపు మోపుతున్నాడు.

"నొప్పి ఎంత?" అడిగింది ఇల్వా.

"రెండు."

"నిన్నా రెండే, మొన్నా రెండే."

"మా బళ్ళో అంతవరకే నేర్పారమ్మాయ్."

మూల కూర్చుని దాల్చినచెక్క బన్ను నములుతున్న లెన్నార్ట్ తలెత్తాడు. "బావా, నీ మొహం ఉడికించిన లాబ్‌స్టర్‌లా ఉంది."

"నీది ఉడక్కముందే అలా ఉంటుంది. బన్ను తిను."

ఇల్వా నవ్వింది. నవ్వుతూనే కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఈ ఊళ్ళో చెయ్యి విరిగినా 'కాస్త గీసుకుంది' అంటారు. మా నాన్నా అంతే. కానీ ఎముక లోపలేముందో నాకు కనిపించదు రూనె. మీరు చెప్పిన అంకె చూసే రేపు బరువు పెంచుతాను. అది అబద్ధమైతే మేకు వదులవుతుంది. వదులైతే తీసేయాలి. ఇంకోటి దింపే ఎముక మిగులుతుందని ఎవరూ మాటివ్వలేరు."

రూనె నాలుక చివర జోకు సిద్ధంగానే ఉంది. బయటికి రాలేదు. నిజం చెబితే పడవ పోతుంది, చెప్పకపోతే కాలే పోతుంది. ఒకసారి పోయిందాన్ని మళ్ళీ పోగొట్టుకునే తెలివితక్కువతనానికి కుంటిసాకు కూడా దొరకదు.

"ఏడు," అన్నాడు. ఆ అంకెలో ఏడుపు కూడా ఉంది. "ఇంట్లో రెట్టింపు వేస్తున్నాను."

లెన్నార్ట్ నమలడం ఆపాడు. ఇల్వా తిట్టలేదు. ఎక్స్‌రే తీయించింది. మేకు కదల్లేదు, కానీ ఎముకకు విశ్రాంతి కావాలి. బరువులు మళ్ళీ మొదటి నుంచి.

"సోమవారం పడవ?"

"ఊగే పడవలో వద్దు. చేతికర్రలు రెండూ పట్టుకుంటే రేవు చెక్కల మీద నిలబడొచ్చు. నేను చెప్పినన్ని కిలోలే."

ఆ సోమవారం పొద్దున ఊరంతా నీటి మీదికి పోయింది. రూనె ఒక్కడే తేలే రేవు చెక్కల మీద, ఇల్వా చెప్పిన కాస్త బరువు మాత్రం మోపి, నిలబడ్డాడు. నొప్పి రెండు. ఈసారి నిజం రెండు.

పొగమంచులో ఏమీ కనిపించలేదు. అంతలో తొడ లోపల ఏదో సన్నగా గరగరలాడింది. ముందు భయపడ్డాడు. తర్వాత చెవి పెట్టినట్టు ఎముక పెట్టి విన్నాడు. చెక్కల్లోంచి కాల్లోకి, కాల్లోంచి ఎముకలోకి పడవ ఇంజను అదురు పాకుతోంది, మధ్యమధ్య ఒక దెబ్బ తప్పుతూ. డొప్పకాలి రోజుల్లో నేల అనేది చూసి తెలుసుకోవలసిన సంగతి. ఇప్పుడు కాలి కింద ఉంది, తనదిగా.

మంచులోంచి లెన్నార్ట్ పడవ ముక్కు కనిపించి రేవుకు ఆనింది. రూనె అరిచాడు. "ఒరేయ్, నీ ఇంజను మధ్యలో ఒక దెబ్బ మింగుతోంది!"

"నీకెలా తెలుసు బావా? నువ్వు పడవ ఎక్కనే లేదు!"

"నా కాలు చెప్పింది."

లెన్నార్ట్ ఇంజను మూత ఎత్తి చూసి, నిజమేనని తల గోక్కుని, ఖాళీ బుట్టొకటి రేవు మీదికి అందించాడు. "సరే, వచ్చే ఏడు దీన్ని నువ్వే దించు. ఈలోగా తాడు అయినా ముడెయ్యి."

రూనె ఒక కర్ర చంకలో ఇరికించుకుని, బరువు పెరగకుండా చూసుకుంటూ, ముడి వేయడం మొదలుపెట్టాడు.