బాతు బయటికెళ్లే వేళ

"ఆ బాతుని చూసి నేర్చుకోమ్మా. పది రోజులైంది, గుడ్ల మీంచి అంగుళం కదిలిందా?" అంది అత్తగారు, పొద్దున్నే పెరటి గుమ్మంలో నిలబడి.

తీగ మీద తడి దుప్పటి ఆరేస్తున్న కోడలు తల తిప్పలేదు. ఆ తీగ కిందే, పగిలిన పూలకుండీలో బాతు పొదుగుతోంది. కోడలు ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో పదకొండేళ్లుగా సహాయకురాలు. రోగుల్ని పడుకోబెట్టేదీ, కదలొద్దని బతిమాలేదీ ఆమే. సంతకం మాత్రం టెక్నీషియన్‌ది. తనూ టెక్నీషియన్ కావడానికి రాయాల్సిన పరీక్షకి క్లాసులు ఈ సాయంత్రమే మొదలు. రోజూ ఆరింటి నుంచి ఏడింటి దాకా. ఇవాళ వెళ్లకపోతే మళ్లీ రెండేళ్లకే.

"ఆ గంటా పిల్లలకి అన్నం ఎవరు పెడతారు?" అని మొగుడు నిన్ననే తేల్చేశాడు. రెండు చేతులూ సుబ్బరంగా ఉన్న మనిషే అడిగాడు ఆ మాట.

బాతుల సంసారం గురించీ ఆయనకి చాలా తెలుసు. వీధి చివర కుంట నుంచి అవి జంటగా వచ్చిన కొత్తలో "ఎంత అన్యోన్యమో చూడు" అని మురిసిపోయాడు. పచ్చతల మగబాతు ముక్కుతో పట్టి నొక్కిన చోట ఆడబాతు మెడ మీద ఈకలూడి తోలు కనిపించడం ఆయన చూడలేదు. రోజుకొకటి చొప్పున తొమ్మిది గుడ్లు పెట్టి అది పొదగడానికి కూర్చున్నాక, పచ్చతల దొరగారు మళ్లీ ఈ చాయలకి రాలేదు. "మగాడన్నాక వంద పనులుంటాయి" అని మొగుడు దానికీ వకాల్తా పుచ్చుకున్నాడు. ఆమెకి నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది.

సాయంత్రం ఐదున్నరకి తల్లీకొడుకులు టీవీ ముందు చేరారు. రోజూ అంతే. ఆ వేళప్పుడు ఆరిన బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్లేది ఆమె ఒక్కతే.

సరిగ్గా అప్పుడే, రోజూలాగే, బాతు లేచింది. తన రొమ్ము మీంచి పీకి పరుచుకున్న నూగు ఈకల్ని ముక్కుతో లాగి గుడ్లన్నీ కప్పింది. ఒక్కటీ బయటికి కనపడటం లేదని చూసుకుని, రెక్కలు దులుపుకుని, కుంట వైపు ఎగిరిపోయింది. కడుపు నిండా తిని, కాసేపు ఈది, గంటకి తిరిగొస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఆమె కంగారుపడి నూగు కింద వేలు పెట్టింది. గుడ్లు వెచ్చగానే ఉన్నాయి.

దుప్పటి మడిచి లోపలికొచ్చి, అన్నం గిన్నె మీద మూత పెట్టి, చుట్టూ మందపాటి తువ్వాలు చుట్టింది. చెప్పులేసుకుంటుంటే మొగుడు టీవీ మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"ఎక్కడికి?"

"క్లాసుకి. అన్నం కప్పి పెట్టాను, చల్లారదు. మీరు వడ్డించండి."

"పొద్దున అమ్మ చెప్పింది వినలేదా? ఆ బాతుని చూసైనా..."

"చూసే వెళ్తున్నానండీ," అంది ఆమె గడప దాటుతూ. "మీరూ ఓసారి పెరట్లోకెళ్లి చూడండి."