చక్కెర లేని పండగ పళ్లెం

"సర్కారు ఖర్చులు తగ్గించుకుంటాది అంటే ముందు వేటు పడేది మన పిల్లోడి మీదనే. రాసి పెట్టుకోండి," అన్నాను మా ఆయనతో.

ఆయన కుట్టు మిషను ఆపకుండానే, "ఇంకా ఏమీ కాలేదు కదే మైమూన్! నువ్వు ఇట్లే అరుస్తాండు, ఆ గవర్నరుకు వినపడి, అరెరె, ఈ ఉమైర్ ఒకడున్నాడే, మర్చిపోయినానే అనుకుంటాడు," అన్నారు.

మా ఉమైర్ రెండేళ్లుగా సముద్రం నడుమ ఒక దీవిలో పని చేస్తున్నాడు. ప్రొద్దుటూరులో మా వీధి పిల్లలంతా కువైట్ పోతే, వీడికి మాత్రం ఏజెంటు ఆ దీవి చూపించాడు. అక్కడ ఎటు చూసినా చెరుకేనట. ఈ కాలంలో కూడా ఆ దీవి ఎక్కడో చలి దేశం వాళ్ల ఏలుబడిలోనే ఉంది. గవర్నరు కూడా ఆ దేశం నుంచే వస్తాడట. మావాడు సర్కారు నీళ్ల పంపుల దగ్గర మెకానిక్. ఈ ఏడు చక్కెర ధర పడిపోయి సర్కారు చేతిలో ఏమీ మిగల్లేదని, వీధి దీపాలు ఒకటి విడిచి ఒకటి వెలిగిస్తున్నారని, బస్సులు సగానికి తగ్గించారని, ఆఫీసుల్లో టీ కూడా ఆపేశారని వాడు వీడియో కాల్‌లో నవ్వుతూ చెప్పాడు. వాడికి నవ్వొచ్చింది గానీ నాకు రాలేదు. టీ ఆపిన సర్కారు మనిషిని ఆపదా?

ఒక్క ఉద్యోగమే అయితే ఎట్లో తట్టుకునేదాన్ని. బక్రీదు దాటితే వాడి నికా. అమ్మాయి బుష్రాది జమ్మలమడుగు. ఒక ల్యాబులో రక్త పరీక్షలు చేస్తుంది. రెండేళ్లు వెతికితే దొరికిన పిల్ల. మాట నిదానం, చెయ్యి చురుకు. వాడి ఉద్యోగం పోయిందంటే ఆ పిల్ల మా ఇంటికి వస్తుందా?

ముందు జాగ్రత్త మంచిదని ఇంట్లో నేనే గవర్నరునయ్యాను. రెండు పూటల టీ ఒక పూటకు తెచ్చాను. మార్కెట్టుకు ఆటో మానేసి నడిచాను. వరండాలో బల్బు తీసి బీరువాలో పెట్టాను. ఆ చీకట్లో మా ఆయన చెప్పులకు తగులుకుని, "దీవిలో లైట్లు ఆర్పితే ప్రొద్దుటూరులో నేను పడాల్నా?" అని అరిచారు. నేను పట్టించుకోలేదు.

అంతలో రంజాన్ పండగ వచ్చింది. నికా అయ్యేదాకా పండగ పండగకూ పిల్లోడి ఇంటి నుంచి పిల్ల ఇంటికి పళ్లెం పోవాలి. చీర, గాజులు, అత్తరు, సేమియా, ఖర్జూరాలు అన్నీ సర్దాను. చక్కెర దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. చక్కెర లేని ఇల్లు ఎక్కడైనా ఉంటుందా, ఇది తీసేస్తే ఎవరు చూస్తారులే అనుకుని, పళ్లెం మీద జరీ గుడ్డ కప్పి మా కూతురు తహసీన్‌తో పంపించాను. వాళ్లు షర్బత్ ఇచ్చి మర్యాదగా మాట్లాడారని అది తిరిగొచ్చి చెప్పింది.

పండగైన నాలుగో రోజు ఉమైర్ ఫోన్ చేశాడు.

"అమ్మీ, బుష్రా మూడు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు. నువ్వేమన్నా అన్నావా?"

"నేనేమంటా నాయనా! నీ పని ఎట్లుందో అది చెప్పు ముందు."

"పనికేంది, బాగుంది," అని వాడు వెంటనే ఎండల సంగతి ఎత్తుకున్నాడు.

బుష్రా వాళ్లమ్మ జరీనాకు నేను ఏడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. దీవిలో ఖర్చుల కోత సంగతి జమ్మలమడుగుకు చేరిపోయిందని నాకు ఖాయమైంది. ఉత్త చేతులతో పోయి ఏం చెప్పాలి? వాడికి ఇక్కడ ఇంకో పని సిద్ధంగా ఉందని చెప్పగలిగితే కాస్త ధైర్యంగా ఉంటుంది. మరుసటి పొద్దున్నే పులివెందుల బస్సెక్కాను. అక్కడ మా తమ్ముడు జియావుల్లాకు బోరు మోటార్లకు వైండింగు చేసే షాపుంది.

"జియా, నీ షాపులో మా ఉమైర్‌కు ఒక స్టూలు వెయ్యి," అన్నాను పోగానే.

"వాడు వస్తాండాడా ఆపా?"

"రావడం లేదు. వస్తాడేమోనని."

"రాని మనిషికి స్టూలు వేసి దాని మీద ఎవర్ని కూర్చోబెట్టాల? నిన్నా?"

కాలిపోయిన మోటారు తెచ్చుకుని పొద్దుటి నుంచి కాచుకున్న అరటి తోట రైతు బాలయ్య, "కూర్చోబెట్టప్పా, ఆయమ్మన్నా నా మోటారు బిరీన చేస్తాదేమో," అన్నాడు.

తమ్ముడి భార్య మసరత్ అన్నం క్యారియరుతో వచ్చింది. ఆమె పుట్టిల్లు జమ్మలమడుగే. నా ఏడుపంతా విని, "పళ్లెంలో ఏమేం పెట్టినావు వదినా?" అని అడిగింది. చెప్పాను.

"చక్కెర?"

"అదొకటి తగ్గించినాలే."

మసరత్ క్యారియరు కింద పెట్టేసింది. "ఎంత పని చేసినావు వదినా! మా జమ్మలమడుగులో చక్కెర తినిపించే కదా మాట ఖాయం చేసుకునేది. ఆ మాట నిలబడి ఉందని పండగ పండగకూ చక్కెర పోవాల. పళ్లెంలో అది లేకుంటే సంబంధం వద్దని చెప్పినట్టే. నోటితో చెప్పలేనోళ్లు చేసే పని అది."

"మా పుట్టింటోళ్ల వేంపల్లె వైపు ఇట్లాంటివేం లేవే!"

"మీ వేంపల్లెలో లేకుంటే జమ్మలమడుగు ఏం చేస్తాది?"

ఉద్యోగం పోతుందని నేను వణికాను, సంబంధాన్ని నా చేతులతో నేనే తెంపి పెట్టాను. "ఇప్పుడే పది కిలోలు తీసుకుని పోతా," అని లేచాను.

"ఇప్పుడు మోసుకుపోతే ఇంకా సిగ్గు. ఉత్త నోరు తీసుకుని పద, జరిగింది చెప్దువు. నేనూ వస్తా," అంది మసరత్.

ముద్దనూరు మీదుగా పోయే బస్సులో నేను చేయని ఆలోచన లేదు. బుష్రాకు ఇంకో సంబంధం చూసేశారని, వాళ్లు తలుపు మూసేస్తారని, మావాడు గడ్డం పెంచుకుని ఆ చెరుకు తోటల్లో తిరుగుతున్నాడని. మసరత్ మాత్రం కిటికీకి తల ఆనించి హాయిగా నిద్రపోయింది.

జరీనా తలుపు తీసింది గానీ ఎప్పటిలా వదినా అని చెయ్యి పట్టుకోలేదు. మంచం మీద ముసలామె, జరీనా వాళ్లమ్మ, బుష్రాకు నానీ మెహరున్నీసా, ఆకూవక్కా నములుతూ నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"ఏమ్మా, గాజులు కూడా వాపసు కావాల్నా?" అంది.

నా నోటి నుంచి ఒక్కసారిగా అంతా వచ్చేసింది. దీవి, గవర్నరు, టీ, వరండా బల్బు, చక్కెర. "నాకు మీ ఆచారం తెలీదమ్మా. మావాడి మనసు మారలేదు. నా పిరికితనమే ఇంత చేసింది," అన్నాను.

జరీనా కళ్లు తుడుచుకుంది. "నాలుగు రోజులు మా ఇంట్లో ఎవురూ సరిగ్గా తినలేదు వదినా! పెద్దోళ్ల మాట తేలేదాకా పిల్లోడితో మాట్లాడొద్దని మా అమ్మ బుష్రా ఫోన్ తీసి దాచి పెట్టింది."

"చక్కెర సంగతి సరే," అంది నానీ, ఇంకా మెత్తబడకుండా. "పిల్లోడి పని ఉంటాదా, పోతాదా? నిజం చెప్పు."

ఉంటుందని చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. మసరత్ నా వైపే చూస్తోంది. "నాకు తెలీదమ్మా. పోవచ్చు," అన్నాను.

"అయితే చేసుకునేదాన్నే అడుగు," అంది నానీ.

బుష్రా అప్పుడే ల్యాబు నుంచి వచ్చి వాకిట్లో నిలబడి ఉంది. చేతిలో సంచి ఇంకా దించలేదు. "విన్నావు కదమ్మా, ఏమంటావు?" అని అడిగాను.

నానీ నమలడం ఆపింది. బయట వీధిలో ఉల్లిగడ్డల బండి అరుచుకుంటూ వచ్చింది, మలుపు తిరిగి పోయింది కూడా. జరీనా లేచి నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది, నేను తాగాను, ఖాళీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాను. బుష్రా నేల వైపే చూస్తోంది. ఇంకేముంది, అయిపోయిందనుకుని కొంగు సర్దుకున్నాను.

"పంపుల కాడ నలుగురిలో ఇద్దర్ని తీసేసినారు అత్తా," అంది బుష్రా చివరికి. "మిగిలిన ఇద్దర్లో మీవాడొకడు, జీతం సగం. అది జరిగి రెండు నెలలాయె. నాకు ఆ రోజే చెప్పినాడు. మీరు భయపడతారని, మీకు చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు చెప్పకుంటే బాగుండదని చెప్తాండా. ఆ సగం చాల్లే అత్తా, నా జీతమూ ఉంది కదా. బక్రీదు తర్వాత అనుకున్న రోజు మాత్రం మార్చొద్దండి."