తాత వెయ్యని పట్టీ

ముందే ఒప్పేసుకుంటాను. మా తాత తనకి మతి పోతోందని మూడు రోజులు అనుకున్నాడు. అలా అనుకోనిచ్చింది నేనే.

తాత పేరు హార్లన్. డెబ్భై తొమ్మిదేళ్ళు. నార్త్ డకోటాలో నలభయ్యేళ్ళు పాడి చేశాడు. ఇప్పుడు చలికాలమంతా అరిజోనా ఎడారిలో తన పాత మోటార్‌హోమ్‌లోనే కాపరం. ఆ బండి నాకంటే రెండేళ్ళు పెద్దది. గాలిమరలు రిపేరు చేసే కోర్సు పూర్తిచేసి, ఉద్యోగంలో చేరేలోపు ఖాళీగా ఉన్నానని ఈసారి నేనూ వచ్చాను.

విషయం ముందు కనిపెట్టింది తేనెటీగలు. ఈ ఎడారిలో చెంచాడు తడి ఉన్నా వాటికి తెలిసిపోతుంది. పొద్దున్నే పక్క బండి వెర్నా కాఫీ కప్పు పట్టుకొచ్చి వంగి చూసింది.

"ఏంటి హార్లన్, బండి కింద తేనెపట్టు పెట్టావా?"

"నీ నోట్లో తీపి తగ్గిందని పెట్టించాలే," అన్నాడు తాత.

నవ్వుతూనే తనూ వంగాడు. ఇసక మీద పళ్ళెమంత తడి. గిన్నెలు కడిగిన నీళ్ళ వాసన. మురుగునీళ్ళ ట్యాంకు కారుతోంది.

ఇక్కడ ఉండాలంటే ఆ నీళ్ళు ఒక్క చుక్క కూడా నేల మీద పడకూడదు. మధ్యాహ్నానికి ఈ స్థలం చూసుకునే సర్కారు రేంజర్ వచ్చాడు, మర్యాదగానే చెప్పాడు. మూడు రోజుల్లో బాగుచేసుకోండి, లేదంటే ఖాళీ చెయ్యండి.

ట్యాంకు ఖాళీ చేసి, కడిగించుకొచ్చి, ఇద్దరం అట్టలు పరుచుకుని బండి కింద పడుకున్నాం. తాత టార్చి వేశాడు. వెనక చక్రాల వైపు మూలలో జానెడు పగులు. దాని మీద నల్లటి పట్టీ ఒకటి, సగం ఊడి వేలాడుతోంది.

తాత దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఇదెవరు వేశారు?"

నేను వీపు కింద అట్ట సర్దుకున్నాను.

"నేనే వేసుంటాను. ఈ బండి కింద ఇంకెవరు దూరతారు?" అన్నాడు. "ఎప్పుడు వేశానో గుర్తులేదు పిల్లా. అస్సలు గుర్తులేదు."

తాత వాళ్ళ అన్నకి కూడా ఇలాగే మొదలైంది. ముందు తాళాలు ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు, తర్వాత ఇంటి దారి. చివరికి తాత పేరు.

ఆ పట్టీ వేసింది నేను. ఆగస్టులో బండి అడిగి తీసుకుని స్నేహితులతో సరస్సుకి వెళ్ళాను. వెనక్కి తిప్పుతూ రాయికి కొట్టాను. పైపులకి పూసే నల్ల జిగురు పూసి, ఓ ప్లాస్టిక్ ముక్క అంటించి, కడిగి తెచ్చి పెట్టేశాను. డిప్లొమా ఉన్నదాన్ని కదా, సరిపోతుందనుకున్నాను. పదిహేనువందల మైళ్ళు అది ఊడకుండా ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి.

బండి కింద తాత అడిగినప్పుడే చెప్పాల్సింది. "ముందు ఆరనిద్దాం తాతా," అన్నాను.

రెండో రోజు ట్యాంకు ఆరుతోంది. తాత బయట కుర్చీలో కూర్చుని వేళ్ళు మడుస్తూ ఏదో గొణుగుతున్నాడు. దగ్గరికెళ్ళి విన్నాను. పాలు పితికే వరసలో తన పాత ఆవుల పేర్లు.

"ఎడమ వైపు ఆరోది..." ఆగాడు. మళ్ళీ మొదట్నుంచి వచ్చాడు. మళ్ళీ ఆరో దగ్గరే ఆగాడు.

సాయంత్రం వెర్నా దగ్గరికి వెళ్ళి బండి తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

"ఇవి నీ దగ్గరుంచు. నేను అడిగినా ఇవ్వకు. ఎండలు ముదిరాక పిల్ల నడుపుకుంటూ ఇంటికి తీసుకెళ్తుంది. అక్కడ అమ్మేస్తాం."

వెర్నా నోట జోకు రాకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. అప్పుడైనా చెప్పచ్చు. చెప్పలేదు. రేపు బాగుచేశాక చెబుదాంలే అనుకున్నాను.

మూడో రోజు మళ్ళీ బండి కిందకి దూరాం.

"ముందు అది ఏ ప్లాస్టికో చూడు," అన్నాడు తాత.

వెర్నా దగ్గర్నుంచి గోళ్ళరంగు తుడిచే మందు సీసా తెచ్చి, గుడ్డ తడిపి ట్యాంకు మీద రుద్దాను. జిగటగా అవలేదు. గుడ్డకి రంగు కూడా అంటలేదు.

"చూశావా, పాలడబ్బా ప్లాస్టిక్ ఇది. దీనికి జిగురు పట్టదు. కరిగించే అతకాలి. మా ఊళ్ళో సగం మందికి ఈ పరీక్ష నేర్పింది నేనే..."

మాట మధ్యలో ఆగిపోయాడు. టార్చి వెలుగు నల్ల పట్టీ మీదకి వెళ్ళింది.

"మరి జిగురెందుకు పూశాను? ఇది కూడా మర్చిపోయానా?"

చేతిలో గుడ్డ పక్కన పెట్టాను.

"నువ్వు పుయ్యలేదు తాతా. నేను."

మొత్తం చెప్పాను. సరస్సు, రాయి, జిగురు. పక్కపక్కనే పడుకుని ఉన్నాం, మొహం తిప్పుకునే చోటు కూడా లేదు. తాత ట్యాంకు వైపే చూస్తూ విన్నాడు.

"నిన్న ఆవుల్ని లెక్కపెడుతుంటే విన్నావా?"

"విన్నాను."

"తాళాలిచ్చినప్పుడు?"

"అక్కడే ఉన్నాను."

"సోల్డరింగ్ ఐరన్ పెట్టు, వేడెక్కనీ," అన్నాడు.

పగులు పాకకుండా రెండు చివర్లా సన్నటి బెజ్జాలు వేశాం. అంచులు గీకాం. ఖాళీ పాలడబ్బాని పట్టీలుగా కోసి ఇచ్చాడు. వాటిని కరిగించి పగుల్లోకి నింపాను, పైన స్టీలు జాలీ ముక్క పెట్టి ఇంకో వరస కరిగించాను. మధ్యమధ్యలో "తొందరపడకు" అన్నాడు, "అక్కడ పల్చగా ఉంది" అన్నాడు. పనికి కావలసిన మాటలే. పిల్లా అని ఒక్కసారి కూడా అనలేదు.

ట్యాంకు నిండా నీళ్ళు పట్టి రెండు గంటలు కూర్చున్నాం. ఇసక పొడిగానే ఉంది. రెండు తేనెటీగలు వచ్చి, పాత తడి ఉన్నచోట కాసేపు తిరిగి వెళ్ళిపోయాయి. రేంజర్ చూసి తలూపాడు.

తాత లేచి వెర్నా బండి దగ్గరికి నడిచి తాళాలు అడిగాడు.

"అడిగినా ఇవ్వద్దన్నావుగా?" అంది వెర్నా.

"అప్పుడు నాకు బుర్ర సరిగా లేదు. ఇప్పుడుంది. ఇటు తే."

రాత్రి సూపు తాగుతూ, బౌలులోకి చూస్తూనే అన్నాడు.

"ఆరో ఆవు పేరు ఇంకా గుర్తు రాలేదు."

నేను చెంచా కింద పెట్టాను.

"అది మాత్రం నువ్వు చేసింది కాదులే పిల్లా," అని బ్రెడ్డు నా వైపు జరిపాడు.

ఆ పేరు ఇవాళ్టికీ దొరకలేదు. మీరూ ఎప్పుడైనా మీ తప్పుని ఇంకొకళ్ళ మతిమరుపు కింద దాచేశారా? ఎన్నాళ్ళకి నోరు విప్పారు, అవతలివాళ్ళు ఏమన్నారు? కింద రాయండి. ఇంకా చెప్పని వాళ్ళుంటే, నాకు రాసేముందు వాళ్ళకి చెప్పి రండి.