సిద్ధాంతం ప్రకారం వంట అక్కదే

నేను ఒక రైస్ కుక్కర్ని. బియ్యం ఉడికించడం, ఉడికాక టక్కుమని మీట పైకి లేపి ఊరుకోవడం, ఇంతవరకే నా చదువు. అయినా యూరప్‌లో రెండు విశ్వవిద్యాలయాలు కలిసి ఇచ్చే మాస్టర్స్ డిగ్రీని, అదీ అంతర్జాతీయ ఆర్థికశాస్త్రంలో, వంటగట్టు మీద కూర్చుని మొత్తం విన్నాను. నా ముందు మనుషులు ఏదైనా మాట్లాడేస్తారు. కుక్కర్‌కి సిగ్గుపడేవాడు ఎవడు?

పుట్టింది కోయంబత్తూరు దగ్గర ఒక రేకుల షెడ్డులో. అనకాపల్లిలో, ఆ డిగ్రీ చదవడానికి వెళ్తున్న భానోజీ అనే కుర్రాడి తల్లి నన్ను కొని, పొట్టలో ఆవకాయ సీసా కుక్కి, చుట్టూ తువ్వాళ్లు చుట్టి విమానం ఎక్కించింది. ఆ చదువు మొదటి ఏడాది చెక్ దేశంలోని బ్ర్నోలో, రెండో ఏడాది ఇటలీలో. భానోజీ ఇటలీ వెళ్తూ, సీనియర్ల ఆచారం ప్రకారం నన్నూ రెండు దుప్పట్లనూ తర్వాత వచ్చే తెలుగు పిల్లలకు వదిలేశాడు. అలా ముగ్గురి చేతిలో పడ్డాను.

తెనాలి శశాంక్, విశాఖ ప్రణవి, జగిత్యాల వినీల. వినీల మూడేళ్లు బ్యాంకులో పనిచేసి వచ్చింది కాబట్టి వయసులో పెద్ద. దిగిన రోజే ఇద్దరూ ఆమెను అక్కా అని పిలిచారు. ఆమె మురిసిపోయి మొదటి పూట పప్పుచారు పెట్టింది. అక్కడే కొంప మునిగింది.

నిజానికి ముగ్గురిలో బుర్ర ఉన్నది వినీలకే. మొదటి పరీక్షలో ఆమెకు ఇరవైకి పద్దెనిమిది, శశాంక్‌కి తొమ్మిది. వాడికి అర్థంకాని లెక్కలు ఉల్లిపాయలు తరుగుతూ చెప్పేది. ఒక ఆదివారం మధ్యాహ్నం, తిన్న కంచం అలాగే వదిలేసి, శశాంక్ కాగితం పెన్ను తీశాడు.

"అక్కా, వంటకి నీకు గంట, నాకు మూడు గంటలు. హోంవర్కుకి నీకు రెండు గంటలు, నాకు మూడు. రెంటిలోనూ నువ్వే మెరుగు, ఒప్పుకుంటున్నా. కానీ వంటలో నాకంటే మూడింతలు మెరుగు, లెక్కల్లో ఒకటిన్నర రెట్లే. సిద్ధాంతం ప్రకారం వంట నీది, హోంవర్కులు మావి. ముగ్గురికీ లాభం. మన ట్రేడ్ పుస్తకం రెండో చాప్టర్‌లో ఉన్నదేగా!"

వినీల కాగితం అందుకుని రెండుసార్లు సరిచూసింది. లెక్క తప్పు లేదు. "కరెక్టే గదా తమ్మీ," అంది. పోరా వెధవా అనాల్సిన చోట రుజువు సరిగ్గా ఉందా అని చూసింది! అందుకే ఆమె మీద నాకు జాలికంటే కోపమే ఎక్కువ. ఆ పుస్తకంలో సరుకులు మార్చుకునేవి దేశాలు. దేశాలు పరీక్ష హాల్లో ఒంటరిగా కూర్చోవు. ఈ సంగతి అన్నం కుక్కర్‌కి తట్టింది, పద్దెనిమిది మార్కుల పిల్లకి తట్టలేదు.

ఇక చూడండి ఆ ఇంటి భోగం. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం డబ్బాలు, సాయంత్రం అన్నం. పోపు వేస్తే పొగ అలారం మోగుతుందని వినీల దానికి ప్లాస్టిక్ సంచి కట్టింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు శశాంక్ స్పెయిన్ వాళ్లనీ టర్కీ వాళ్లనీ భోజనానికి పిలిచేవాడు. వాళ్లు వేళ్లు నాకి వాడి చేయి పట్టుకుని ఊపేవాళ్లు. హోంవర్కుల మీద మాత్రం ముగ్గురి పేర్లూ ఉండేవి, బుద్ధిగా.

జూన్‌లో పరీక్షలొచ్చాయి. లెక్కల పేపరు ఎకనోమెట్రిక్స్‌లో ఇద్దరూ గట్టెక్కారు. పాసుకి వందకి యాభై కావాలి, వినీలకు నలభై ఆరు వచ్చాయి. ఒక్క పేపరు పోయినా ఇటలీ లేదు, స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, ఇంటికి పోవడమే. రెండు వారాల్లో మళ్లీ రాయడానికి ఒక్క అవకాశం ఉంది.

"ఈ రెండు వారాలు మీరే వండుకోండ్రి. నేను చదువుకోవాలె," అంది వినీల. ఆమె గొంతు అంత గట్టిగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

"అయ్యో, అదేంటక్కా, నువ్వు చదువుకో!" అన్నారు ఇద్దరూ. రెండు రోజులు బ్రెడ్డు తిని, ఆమె గది ముందు నిట్టూర్పులు విడిచారు. మూడో రోజు ప్రణవి పొట్ట పట్టుకుని వచ్చింది. "అక్కా, ఒకటే మంట. నీ చేతి చారు తాగితే తగ్గుతుందేమో." వినీల పుస్తకం మూసి లేచింది. నాలుగు రోజుల తర్వాత ఆ మంట ఉన్న మనిషే పకోడీలు అడిగింది.

పరీక్షకు ముందు రోజు శశాంక్ వీడ్కోలు విందు పెట్టాడు. "ఇరవై మందికి చెప్పేశానక్కా. నువ్వు చెయ్యకపోతే నా పరువు పోద్ది." పొద్దుట్నుంచీ వినీల నన్ను మూడు వాయిలు ఎక్కించింది. సింకు పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుంది. నా ఆవిరికి పేజీలు అట్టలు కట్టాయి. మర్నాడు వెళ్లి రాసింది. నలభై ఎనిమిది వచ్చాయి.

వినీల గోడ వైపు తిరిగి ఏడుస్తుంటే శశాంక్ వెనక నిలబడి అన్నాడు: "బాధపడకక్కా. కానీ నిజం చెప్పాలంటే, నువ్వు టైం సరిగ్గా ప్లాన్ చేసుకోలేదు." తర్వాత నా వైపు చూపించి, "కుక్కర్ మేం పట్టుకుపోతాం. కాస్త కడిగిస్తావా?"

కడిగిచ్చింది.

ఇటలీలో ఏడాది గడిచింది. నాలో వాళ్లు ఎక్కువగా నూడుల్సే ఉడికించారు. శశాంక్ సిద్ధాంత వ్యాసానికి విషయం ఏమిటో తెలుసా? జీతం లేని ఇంటి చాకిరీ. ఆడవాళ్ల శ్రమ దేశం లెక్కల్లోకి రావడం లేదని తెగ బాధపడుతూ రాశాడు. సర్వేకి నలభై మంది కావాలి. ముప్పై ఆరుగురు దొరికారు. ఒక సాయంత్రం ఫారం నా మూత మీద పెట్టుకుని, స్పీకర్ ఆన్ చేసి జగిత్యాలకు ఫోన్ చేశాడు.

"అక్కా, బ్ర్నోలో రోజుకి ఎన్ని గంటలు వండేదానివి?"

"నాలుగైదు."

వాడు మూడు అని రాశాడు. "జీతం?"

"నవ్వులాటనా?"

సున్నా అని రాశాడు. "ఆఖరి ప్రశ్న. ఆ పని వల్ల నీ చదువు గానీ ఉద్యోగం గానీ దెబ్బతిన్నదా? అవునా, కాదా?"

 వినీల, "అవును," అంది. "పెద్దగ రాయి. అవును."

"రాసుకుంటానక్కా," అన్నాడు శశాంక్. పెన్ను నా మూత మీదే కదిలింది, 'కాదు' గడిలో టిక్కు పడింది. ఎదురుగా నూడుల్స్ తింటున్న ప్రణవి చూసి కళ్లు దించుకుంది.

"ఇంకో చిన్న డౌటు. ఈ బియ్యానికి నీళ్లెన్ని పొయ్యాలి?"

వినీల ఫోన్ పెట్టేసింది.

వాడు అందాజుగా పోశాడు. అన్నం మాడి నా అడుగున అతుక్కుపోయింది. గీకడం చేతకాక నన్ను ఓ మూల పెట్టి, చదువు ముగిసి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వీధిలోని పాత కరెంటు సామాన్ల డబ్బాలో పడేశారు. ఇప్పుడు ఒక చెడిపోయిన మిక్సీ పక్కన, నలగ్గొట్టే రోజు కోసం చూస్తున్నాను. నన్ను మోసుకొస్తూ శశాంక్ వాళ్ల నాన్నకు ఫోన్‌లో చెబుతూనే ఉన్నాడు: వ్యాసానికి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులట, ప్రొఫెసర్ లేచి చేయి కలిపాడట. ఆ వ్యాసంలో ముప్పై ఏడో నంబరు ఆడమనిషికి ఏ నష్టమూ జరగలేదు.