చెంగలి దుబ్బులు

పట్నంలోని కార్వాన్‌లో ఓదెలుకు తండ్రి విడిచిపోయిన ఖాళీ జాగా ఒకటుంది. ఒకప్పుడు తండ్రి బర్రెలు అందులో చెంగలి గడ్డి మేసేవి. బర్రెలు పోయాయి, గడ్డిని సర్కారు తుమ్మ మింగేసింది. ఆర్టీసీ డిపోలో రిటైరైన నాటి నుంచి ఓదెలుకు మళ్లీ ఆ గడ్డి పిచ్చే. తుమ్మను వేళ్లతో పెకలించాడు. చేవెళ్ల దిక్కు ఊళ్లన్నీ తిరిగి చెంగలి దుబ్బులు తెచ్చాడు. తొలకరి పడగానే ఒక్కొక్కటే గుంతలో పెట్టి, మడమతో మట్టి అదిమి నాటాడు. పెళ్లాం పుష్పమ్మ తన మోకాళ్లకు మందు తెమ్మంటే మాత్రం మరిచేవాడు, మహానుభావుడు. ఆ దుబ్బులు వేరూనకముందే గుండె ఆగి పోయాడు.

ఓదెలు పేర పిట్టకు పెట్టిన రోజు ఒక్క కాకీ ముద్ద ముట్టలేదు. మధ్యాహ్నం దాకా చూసి చూసి ఆవుకు పెట్టారు.

"తమ్మునికి ఏదో కోరిక మిగిలింది" అంది ఓదెలు అక్క బుచ్చమ్మ.

ఆ కోరిక తన మీదిది కాదని పుష్పమ్మకు తెలుసు. అదే ఆమె మంట.

దినాలయ్యాక ఆమె జాగాలో పాలకూర వేద్దామని వెళ్లింది. మాదన్నపేట మార్కెట్‌లో కూరగాయలమ్మి బతికిన మనిషి. ఆమె లెక్కలో ఆకుంటే కూర, లేకుంటే కలుపు. దుబ్బులు ఎండు పీచులా కనబడ్డాయి. చచ్చినవే అనుకుని, కసి తీరా ఒక సాలు పీకి గోడవారకు విసిరేసింది.

మర్నాడు పొద్దున చూస్తే ఆ సాలు మళ్లీ నేలలో ఉంది. ప్రతి దుబ్బు చుట్టూ మట్టి అదిమి ఉంది. తడి మట్టిలో ఎడమ పాదం గుర్తు, బొటనవేలు లేదు. డిపోలో జాకీ మీద పడి ఓదెలు పోగొట్టుకున్నది ఆ వేలే.

ఆమె పారిపోలేదు. మోకాళ్ల నొప్పి ఓర్చుకుని కూర్చుని, ఆ గుర్తులో అరచెయ్యి పెట్టింది.

"వచ్చినవా?" అంది.

ఆ రోజు ఇంకొన్ని పీకింది. తెల్లారేసరికి అవీ నాటి ఉన్నాయి. అప్పటి నుంచి రోజూ అదే పని. తల దువ్వుకుని, బొట్టు లేని నుదురు కొంగుతో తుడుచుకుని, మొగుడు వచ్చిన జాడ చూడటానికి వెళ్లేది. పెళ్లైన కొత్తలో కూడా అంత ముస్తాబు లేదు. దుబ్బులు మాత్రం నాటిన కొద్దీ నీరసపడుతున్నాయి.

ఒకనాడు బుచ్చమ్మ వచ్చి చూసింది.

"ఏంది పుష్పా గిది? పీకిన దుబ్బు ఎన్నిసార్లు బతుకుతది?"

పుష్పమ్మ పాదం గుర్తు చూపించింది. బుచ్చమ్మ వంగి, బొటనవేలు లేని చోట వేలు పెట్టి చూసింది.

"గీ గడ్డి బతికితెనే వాడు పోతడు. నువ్వు గిట్ల పీకుతనే ఉంటె గడ్డి బతకది, వానికి నిమ్మళం దొరకది. చచ్చినంక గూడ మనిషితోని చాకిరి చేపిస్తవా?"

"పోతె నాకేముంటది వదినా?"

మర్నాడు పుష్పమ్మ ఒక దుబ్బు పిడికిట పట్టింది. మధ్యలో ఒకే ఒక్క పచ్చటి మొలక. లాగితే రేపు కూడా వస్తాడు. పిడికిలి వదలడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. కదిలిన మట్టిని తన మడమతోనే అదిమి, ఏడుస్తూ ఇంటికెళ్లింది.

తర్వాత ఏ పొద్దూ పాదం గుర్తు కనబడలేదు.

పెద్దలకు పెట్టే పెత్రమాస నాటికి చెంగలి మోకాలెత్తు లేచి, ఎర్రటి వెన్నులు తీసింది. పుష్పమ్మ ఓదెలుకు ఇష్టమైన బోటి కూర వండి, గడ్డి మధ్య విస్తరి పెట్టింది. ఆమె ఇంకా వంగి ఉండగానే కాకి వాలింది. తోలడానికి చెయ్యి లేచింది. లేచిన చేతిని కొంగులో చుట్టేసుకుంది.

"తిని పో" అంది. "పైలంగ పో."