ఎడమచేతి శ్రుతి

మా ఎల్మినా ఊరి చర్చి సంఘపెద్ద డాడ్జీకి సంగీతం వినపడదు గానీ, ఎవరి చేతులు ఏం చేస్తున్నాయో మాత్రం బాగా కనపడతాయి. శుక్రవారం పొద్దున్నే చర్చి పియానోకి శ్రుతి చేస్తున్న నన్ను అక్కణ్ణుంచి లేపేశాడు.

"ఎడంచేత్తో సాగనంపుతావా పెద్దాయన్ని? ఆ చెయ్యి దేనికి వాడతారో తెలీదా నీకు?"

పెద్దాయనంటే నా గురువు పాపా అమిస్సా. మర్నాడే ఆయన అంత్యక్రియలు. నలభై ఏళ్ళు ఆయన చక్కబెట్టిన పియానో ఆఖరి రోజున శ్రుతి తప్పకూడదని నా పట్టుదల. ఆయనదీ ఎడమచేతి వాటమేనని నాకూ ఆయన భార్యకూ తప్ప ఎవరికీ తెలియదు. చెప్పనని ఆయనకు మాటిచ్చాను కాబట్టి నోరు మూసుకున్నాను.

"ఆయనది చెయ్యంటే చెయ్యి. బంగారంలాంటి కుడిచెయ్యి," అన్నాడు డాడ్జీ. ఎప్పుడు చూశాడో మహానుభావుడు.

మధ్యాహ్నానికి టాకొరాడి పట్నం నుంచి డాడ్జీ పిలిపించిన కుడిచేతి పనివాడొకడు దిగాడు. శ్రుతి చేసే మా సుత్తి పేరుకే సుత్తి. తీగ చుట్టిన పిన్నును తిప్పడమే దాని పని. నిలువు పియానో మీద దాని పిడి తీగ వెంబడి నిటారుగా నిలబడాలి. అప్పుడు మణికట్టుతో కొంచెం నెడితే చాలు, పిన్ను చెక్కలో తిరుగుతుంది. ఈ ఘనుడు పిడిని పక్కకు పడుకోబెట్టి, వల గుంజినట్టు భుజమంతా వేసి గుంజాడు. పిన్ను తిరగలేదు, వంగింది. వంగి ఉన్నంతసేపు స్వరం సరిగ్గానే పలుకుతుంది.

"అన్నా, ఓసారి మీట గట్టిగా కొట్టి చూడు, స్వరం జారిపోద్ది," అన్నాను.

"నువ్వెళ్ళి కూర కలుపుకో, చెల్లీ."

డాడ్జీ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

శనివారం మొదటి కీర్తన రెండో చరణానికే మధ్య స్వరాలన్నీ జారిపోయాయి. పియానో కుక్క ఏడ్చినట్టు ఏడ్చింది. జనం పాట ఆపేశారు. శవపేటిక పక్కనుంచి పాపా అమిస్సా భార్య మామె ఎకువా లేచి నాకేసి తిరిగింది.

"అబా, లేమ్మా. నీ చేత్తోనే చెయ్యి. మా ఆయనదీ ఆ చెయ్యే."

డాడ్జీ ముఖం పాలిపోయింది. "అంటే నలభయ్యేళ్ళూ... మేమంతా ఆ చేతి శ్రుతికే పాడామా అమ్మా?"

"పాడారు. బాగానే పాడారు. ఆయన తలుపులన్నీ మూసుకుని చేసేవాడు. నీలాంటోళ్ళకి భయపడి."

పియానో ముందు కూర్చుని, అందరూ చూస్తుండగా ఎడమచేత్తో సుత్తి పిడి నిలబెట్టాను. డాడ్జీ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కాలర్ కింద చెమట, పిరికి మెడ. ఆ మెడ చూసేసరికి మొదటిసారి నా గురువు మీద కూడా ఒళ్ళు మండింది. శవపేటికవైపు తిరిగి మెల్లగా అడిగాను:

"వీడికా, పాపా, నువ్వు భయపడింది?"